కొండల నడుమ అరకు

విశాఖపట్టణము రైలు స్టేషనులో ప్రొద్దుననే కిరండూలు బండి కొరకు వేచియుండు జనమును చూచినచో వారు రెండు తెగలుగా కనిపింతురు. చలికోటులు, కెమేరాలు, పులిహోర పొట్లములు పట్టుకొని అరకు చూడబోవు మైదానప్రాంతపు వారు ఒకరు. పట్టణమున పని ముగించుకొనియో, పెద్దాసుపత్రికి వచ్చియో, తిరిగి తమ కొండ యూళ్ళకు పోవు గిరిజనులు మరియొకరు. బండి కదలిన పిదప ఇరువురును ఆ కిటికీలలోనుండియే చూతురు గాని, మొదటివారు చప్పట్లు కొట్టు చోట రెండవవారు నిద్రపోవుచుందురు. కార్తికమాసపు వనభోజనములకు, సంక్రాంతి సెలవులకు మన గ్రామములనుండి అరకు పోవువారు నానాటికి హెచ్చుచున్నారు. అందువలన ఆ లోయను గూర్చియు, అందు నివసించు ప్రజలను గూర్చియు మేము చూచి తెలిసికొనిన విషయములను పాఠకుల ముందుంచుచున్నాము.

అరకు విశాఖపట్టణమునకు వాయవ్యముగా, రోడ్డు మార్గమున సుమారు 115 కిలోమీటర్ల దూరమున, తూర్పు కనుమలలో ఒడిశా సరిహద్దునకు చేరువగా నున్నది. సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తు. పూర్వము విశాఖపట్టణము జిల్లాలోనిది. 2022 ఏప్రిల్ 4న పాడేరు ముఖ్యస్థానముగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినది. ఊరు చిన్నది. ఒక పెద్ద వీధి, బస్సులు నిలుచు చోటు, మండల కార్యాలయములు, బసలు, టీ దుకాణములు. వీధి దాటి కొలది దూరము నడచినచో వరిమళ్ళు వచ్చును. మళ్ళకు ఆవల నాలుగు దిక్కుల కొండలు. ఉదయము మంచు తెరలు వీడకముందు అచ్చట వినవచ్చునవి కోడికూతలు, పశువుల మెడగంటలు, దూరమున కూడ్సు బండి రొద మాత్రమే.

ఆ రొదకు ఒక చరిత్ర కలదు. ఈ కొండలపై రైలు వేసినది విహారము కొరకు గాదు. బస్తరు ప్రాంతమున బైలదిల్లా కొండలలోని ఇనుపరాతిని విశాఖపట్టణము రేవునకు చేర్చి జపాను దేశమునకు ఎగుమతి చేయుటకై 1960లలో కొత్తవలస–కిరండూలు మార్గము నిర్మింపబడినది. నేటికిని ఆ మార్గమున సింహభాగము ఖనిజపు బండ్లదే. ప్రయాణికుల బండి వాటికి దారి యిచ్చి అచ్చటచ్చట నిలుచుచుండును. కనుక గడియారము చూచుకొని కోపపడువారు ఈ బండి ఎక్కకుండుట మేలు.

శృంగవరపుకోట దాటువరకు మామిడితోటలు, చెరువులు, మనకు నిత్యము కనిపించు దృశ్యములే. బొడ్డవర తరువాత బండి కొండ నెక్కసాగును. శివలింగపురము, త్యాడ, చిమిడిపల్లి, బొర్రాగుహలు, కరకవలస, శిమిలిగుడ అను స్టేషనులు వరుసగా వచ్చును. యాభైకి పైగా సొరంగములు, వాటి నడుమ లోయలపై కట్టిన ఎత్తైన వంతెనలు. ఒక సొరంగమునుండి వెలికివచ్చి, క్రింద మనము వచ్చిన పట్టాలు సన్నని గీతవలె కనిపించి, అవి ఏమిటో గుర్తించులోపలనే మరియొక సొరంగమున బడుదుము. శిమిలిగుడ స్టేషను 996 మీటర్ల ఎత్తున నున్నది. పెద్దపట్టాల మార్గములలో దేశముననే ఎత్తైన స్టేషనని చాలకాలము దానికి ప్రసిద్ధి యుండెడిది; కాశ్మీరు రైలుమార్గము వచ్చిన తరువాత ఆ ఘనత దానికి లేదు. 2017లో ఈ బండికి అద్దాల పైకప్పు గల పెట్టె నొకదానిని తగిలించిరి. దానికి టిక్కెట్టు ముందుగా తీసికొనవలెను. సామాన్యపు పెట్టెలో కిటికీ ప్రక్కన చోటు దొరికినచో చూపునకు లోటు రాదని మా అనుభవము.

ఆ సామాన్యపు పెట్టెలోనే మాకు విజయనగరము ప్రాంతపు రైతు ఒకరు తటస్థపడిరి. అరువది యేండ్లు దాటిన పెద్దమనిషి. మేము ప్రభుత్వోద్యోగులమని తెలిసి, సంతోషముతో చెప్పిరి: "అరకులో అయిదు సెంట్ల జాగా మాటాడేను బాబూ. యాభైవేలు బయానా ఇచ్చేను. రోడ్డు పక్కనే. పెద్దోడు అక్కడ హోటలు పెడతానంటన్నాడు. కాయితం పది రోజుల్లో రాయించేస్తామన్నారు." ఆ జాగా ఎవరిదని మేమడిగితిమి. కొండవారిదేనని, మధ్యవర్తి మంచివాడని, ఆయన జవాబు. ఈ సంగతికి మరల వత్తుము.

బొర్రా గుహలకు పోవువారు బొర్రాగుహలు స్టేషనులో దిగవలెను; రోడ్డున వచ్చువారు అనంతగిరి దాటి ప్రక్కకు తిరుగవలెను. గుహలు సుమారు 700 మీటర్ల ఎత్తున నున్నవి. వాటి లోపలి కట్టడము మనుష్యుల చేతిపని యని కొందరు, దేవతల పని యని మరికొందరు చెప్పుకొందురు. నిజమునకు అది వాన నీటి పని. వర్షపు నీరు అడవినేలలో కుళ్ళిన ఆకులనుండి వెలువడు బొగ్గుపులుసు వాయువును తనలో కలుపుకొని కొంచెము పులుసెక్కును. ఆ నీరు సున్నపురాతి పగుళ్ళవెంట లోనికి దిగుచు రాతిని కరగించును. వేలకొలది, లక్షలకొలది యేండ్లు ఇట్లు జరుగగా పగుళ్ళు గుహలగును. కరగిన సున్నము కలిగిన నీరు గుహ కప్పునుండి బొట్టు బొట్టుగా రాలునప్పుడు అందలి వాయువు గాలిలో కలసిపోయి, సున్నము పొరగా మిగిలిపోవును. కప్పునుండి క్రిందికి దిగు రాతి ఊడలును, వాటి క్రింద నేలనుండి పైకి లేచు రాతి మొలకలును ఇట్లు పుట్టినవే. ఊడయు మొలకయు కలసినచోట స్తంభ మేర్పడినది. వ్రేలెడు పొడవు పెరుగుటకు కొన్ని తరములు పట్టు ఈ రాళ్ళను గుర్తుగా ఇంటికి కొనిపోవుటకు విరుచువారిని మేము కన్నులార చూచితిమి. చేతితో తాకుటయు మంచిది కాదు. చేతి జిడ్డు అంటినచోట కొత్త పొర సరిగా పట్టదు.

గుహలలో శివలింగముగా పూజలందుకొనుచున్న రాతి మొలక యొకటి కలదు. పశువులు మేయుచుండగా ఆవు ఒకటి పైనున్న రంధ్రమున జారి లోపల పడెననియు, దానిని వెదకుచు వచ్చిన కాపరికి ఈ లింగము కనిపించెననియు అచ్చటివారు చెప్పుదురు. గుహల అడుగున ప్రవహించు ఏరు గోస్తని. ఆవు పొదుగను అర్థమున ఆ పేరు. ఈ ఏరే కొండ దిగి తాటిపూడి జలాశయమున చేరి, విశాఖపట్టణ వాసులకు త్రాగునీరై, భీమునిపట్టణము వద్ద సముద్రమున కలియుచున్నది. కొండపై అడవి నరికినను, ఏటిలో చెత్త వేసినను ఆ ఫలము క్రిందనున్నవారి బిందెలోనికి వచ్చునని ఎరుగుట మంచిది.

అరకు చేరినవారు సాధారణముగా పద్మాపురము తోటను, గిరిజన ప్రదర్శనశాలను చూతురు. తోట రెండవ ప్రపంచయుద్ధ కాలమున సైనికులకు కూరగాయలు పండించుటకై మొదలిడినది. ప్రదర్శనశాలలో పనిముట్లు, నగలు, ఇంటి సామానులు, వేట సామగ్రి కలవు. అది చూచి, గిరిజనులను చూచితిమనుకొని వెనుకకు మరలువారే ఎక్కువ. సంతకు పోయిన గాని లోయ తెలియదని మా యభిప్రాయము.

వారపు సంతకు ప్రొద్దుపొడవకముందే కొండదారుల వెంట వరుసగా జనము దిగివత్తురు. కావళ్ళు మోయు మగవారు, నెత్తిపై బుట్టలతో ఆడువారు. బగత, కొండదొర, వాల్మీకి, కోటియా, పోర్జ, గదబ, నూకదొర, ఖోందు తెగల వారు ఈ ప్రాంతమున నివసించుచున్నారు. ఇండ్లలో భాషలు వేరైనను సంతలో ఆదివాసీ ఒరియాయు, తెలుగును అందరికి నడచును. పసుపు, పిప్పళ్ళు, మిరియములు, రాజ్మా చిక్కుడు గింజలు, చోళ్ళు, సామలు, చింతపండు, కొండచీపుళ్ళు, అడ్డాకులు, తేనె అమ్మకమునకు వచ్చును. తిరిగి పోవునప్పుడు ఉప్పు, ఎండుచేపలు, కిరసనాయిలు, బట్టలు కొనుక్కొని పోవుదురు. ఒకప్పుడీ సంతలలో వర్తకుడు చెప్పినదే ధర, పెట్టినదే తూకము. ఉప్పు అప్పిచ్చి చింతపండు లాగికొనుట మామూలు. దీనిని మాన్పుటకే 1956లో విశాఖపట్టణము కేంద్రముగా గిరిజన సహకార సంస్థ స్థాపింపబడినది. అటవీ ఫలసాయమును నిర్ణీత ధరకు కొనుట, నిత్యావసర వస్తువులను సరసమైన ధరకు అమ్ముట దాని పనులు. సంస్థ వచ్చినంతనే దళారి మాయమైనాడని మేము చెప్పజాలము. సంస్థ కాటా లేనిచోట, ఉన్నను సొమ్ము చేతికి ఆలస్యముగా వచ్చినచోట, అతడు నేటికిని తన తక్కెడతో నిలుచుండును.

లోయలో మాకు మిక్కిలి ఆసక్తి కలిగించినది కాఫీ సాగు. ఈ కనుమలలో కాఫీ పందొమ్మిదవ శతాబ్దపు చివరనే తూర్పుగోదావరి మన్యమున నాటబడినది. 1960లలో అటవీశాఖ తోటలు పెంచినది. తరువాత పాడేరు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ, కాఫీబోర్డు కలసి గిరిజనుల సొంత భూములలో నాటించిరి. అంతకుముందు ఈ కొండలపై ముఖ్యమైన సాగు పోడు. అడవిని నరికి కాల్చి, ఆ బూడిదలో రెండు మూడేండ్లు చోళ్ళు, సామలు పండించి, నేల సారము తగ్గగానే వేరొక చోటికి పోవుట పోడు పద్ధతి. వదలిన నేలలో అడవి తిరిగి పెరుగుటకు చాలినంత కాల మున్నంతవరకు ఆ పద్ధతికి తప్పులేదు. జనము పెరిగి, అడవి తరిగి, ఆ విరామము కురచబడినందున కొండలు బోడులైనవి.

కాఫీ చెట్టు నీడ కోరును. ముందుగా సిల్వర్ ఓక్ వంటి నీడచెట్లు పెంచి వాటి క్రింద కాఫీ నాటుదురు. నీడచెట్లకు మిరియపు తీగ ప్రాకింతురు. ఇందువలన పంట వచ్చుచు చెట్లు నిలుచును, వాన నీరు మట్టిని కోసికొనిపోదు. నాటిన మూడు నాలుగేండ్లకు కాపు మొదలగును. మార్చి, ఏప్రిల్ మాసములలో ఒకటి రెండు మంచి జల్లులు పడినచో కొమ్మలనిండ తెల్లని పూలు విచ్చి, తోటంతయు మల్లెల వాసన వేయును. నవంబరునుండి పండ్లు ఎర్రబారును. అన్నియు ఒక్కసారి పండవు. పండినవాటిని మాత్రమే ఏరుచు, ఒకే చెట్టునకు మూడు నాలుగు మారులు రావలెను. పచ్చికాయ కలసినచో రుచి చెడును.

రైతుకు వచ్చు ధర ఈ ఏరుట మీదను, ఆ తరువాతి పని మీదను ఆధారపడి యున్నది. పండ్లను కోసిన దినముననే తొక్క తీసి, జిగురు వదలువరకు పులియబెట్టి, మంచినీట కడిగి, ఎత్తైన అల్లికలపై ఎండబెట్టినచో పలుచని పొట్టు గల గింజలు వచ్చును. వీటికి మంచి ధర. తొక్కతోనే ఎండబెట్టిన పండునకు తక్కువ. మంచి ధర వచ్చు పనికి యంత్రము కావలెను, నీరు కావలెను, కొన్ని దినముల ఓపిక కావలెను. చేతిలో రొక్కము లేనివానికి ఆ ఓపిక యుండదు. ఇంతయు చేసి సుమారు ఆరు కిలోల పండ్లకు ఒక కిలో గింజలు వచ్చును. సుంకరిమెట్ట దగ్గర తోటలో మాకు కనిపించిన ఒక ఇల్లాలు చేతిలోని పండు చిదిమి రెండు గింజలు చూపి, "పూత మీదే డబ్బు తెచ్చేసుకునేవాళ్ళం బాబూ, పండేసరికి పంట మాది కాదు. ఇప్పుడు కళ్ళం దాకా ఆగుతున్నాం" అనినది. ఆమె కంఠమున గర్వము లేదు. లెక్క చెప్పినట్లు చెప్పినది.

2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపానున నీడచెట్లు వేలకొలది కూలి కాఫీ మొక్కలపై బడినవి. నీడ పోయిన తోట ఎండకు మాడును. మరల నీడచెట్టు ఎదుగుటకు ఏండ్లు పట్టును గదా. ఆ దెబ్బనుండి తేరుకొన్న తరువాత 2017లో పారిస్ నగరమున అరకు పేరుతో కాఫీ దుకాణము వెలసినది. 2019లో అరకు లోయ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించినది. అనగా ఈ ప్రాంతమున పండని గింజకు ఆ పేరు పెట్టి అమ్ముట చట్టవిరుద్ధము. లక్షకు పైగా గిరిజన కుటుంబములు నేడు కాఫీ సాగుపై ఆధారపడి యున్నవి.

ఇక రైలులోని పెద్దమనిషి అయిదు సెంట్ల సంగతి. అరకు లోయ రాజ్యాంగము ఐదవ షెడ్యూలు క్రింద షెడ్యూల్డు ప్రాంతము. ఇచ్చటి భూమి గిరిజనుల చేతులనుండి జారిపోకుండ కాపాడుటకు 1917లోనే ఒక చట్టము చేయబడినది. అప్పులకు భూములు వ్రాయించుకొను వర్తకుల ఎత్తుల ముందు అది చాలలేదు. 1959లో భూబదిలీ నిబంధనావళి వచ్చినది. దానిని మరింత గట్టిపరచినది 1970 నాటి ఒకటవ నిబంధన. దీనినే జనులు '1/70 చట్టము' అందురు. దీని ప్రకారము షెడ్యూల్డు ప్రాంతమున భూమిని గిరిజనునికి గాని, పూర్తిగా గిరిజనులే సభ్యులుగా నున్న సహకార సంఘమునకు గాని మాత్రమే బదిలీ చేయవచ్చును. గిరిజనుడు గిరిజనేతరునికి అమ్మినను చెల్లదు. గిరిజనేతరుడు మరియొక గిరిజనేతరునికి అమ్మినను చెల్లదు. గిరిజనేతరుని చేతిలోనున్న భూమి గిరిజనునినుండి వచ్చినదేయని, వేరుగా రుజువయ్యే వరకు, చట్టము భావించును. అట్టివారిని తొలగించి భూమిని తిరిగి ఇప్పించు అధికారము ప్రభుత్వాధికారులకు కలదు. తెల్లకాగితముపై వ్రాసికొన్నను, స్టాంపు కాగితముపై వ్రాసికొన్నను ఫలము ఒక్కటే. ఇచ్చిన సొమ్మును మాత్రము మధ్యవర్తి వద్ద వెదకికొనవలెను.

ఈ చట్టము అన్యాయమని, అభివృద్ధికి అడ్డమని వాదించువారు కలరు. మా యూరిలో వారు వచ్చి కొనవచ్చును గాని, వారి యూరిలో మేము కొనరాదా యని రైలులోని పెద్దమనిషియు అడిగిరి. అడుగదగిన ప్రశ్నయే. మేము ఆయనతో నిట్లంటిమి: "అయ్యా, మీ యూరిలో ఒకరు పొలమమ్ముకొన్నచో మిగిలినవారి చేత భూమి యుండును. పట్టణము పోయినను ఏదో పని దొరకును. సంతకము చేయుట కూడ రాని కాలమున రెండు బస్తాల ఉప్పునకు, ఒక పెండ్లి ఖర్చునకు కొండలే చేతులు మారినవి. భూమి పోయినవాడు తన పొలముననే కూలి యైనాడు." మన్యమున తిరుగుబాట్లు ఎన్ని జరిగినవో, వాటి వెనుక భూమి, అడవి, వెట్టి ఎట్లుండెనో ఈ జిల్లా పేరే చెప్పుచున్నది. ఆయన కొంతసేపు ఊరకుండి, "మరి నా యాభైవేలో?" అని మాత్రమే అనిరి.

ప్రభుత్వమును కూడ ఈ నిబంధన కట్టివేయునని తేలినది ఈ కొండలలోనే. బొర్రా చుట్టునున్న అనంతగిరి గ్రామములలో సున్నపురాయి, కాల్సైటు గనులకు ప్రైవేటు కంపెనీలకిచ్చిన కౌళ్ళపై 'సమత' అను సంస్థ న్యాయస్థానమున కెక్కినది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. షెడ్యూల్డు ప్రాంతమున ప్రభుత్వ భూమిని, అటవీ భూమిని సైతము గిరిజనేతరులకు గనుల కొరకు కౌలుకిచ్చుట చెల్లదని, నిబంధనలోని 'వ్యక్తి' అను పదమున ప్రభుత్వమును చేరునని ఆ తీర్పు సారము. ప్రభుత్వ పత్రికలో ప్రభుత్వమునకు వ్యతిరేకముగా వచ్చిన తీర్పును ఏల చెప్పవలెనని కొందరనవచ్చును. చట్టమన నేమో ప్రజలకు తెలుపుట మా పని గనుక చెప్పుచున్నాము. 2006 నాటి అటవీ హక్కుల చట్టము వలన 2005 డిసెంబరు 13కు ముందునుండి సాగులోనున్న అటవీ భూములపై గిరిజనులకు హక్కు పత్రములు వచ్చుచున్నవి. ఆ భూములును అమ్మకమునకు గావు.

బసలు నడుపుటలో కాగితముపై గిరిజనుని పేరు, లాభము వేరొకరికి చేరుట కద్దు. రాత్రి బస వెదకునప్పుడు గ్రామ సంఘములవారు, ప్రభుత్వ పర్యాటక సంస్థవారు నడుపు బసలను ముందుగా విచారింపుడు. థింసా నృత్యమును చూడగోరువారు పండుగ దినములలో గ్రామములకు పోయినచో మంచిది. స్త్రీలు ఒకరి నడుము వెనుక ఒకరు చేతులు పెనవేసికొని, డప్పు, తుడుము, మోరి మ్రోతలకు వరుసగా కదలుదురు. బసల ముందు ఆదివారపు జనమునకు ఆడునది చిన్నదియు, త్వరితమైనదియు. అనుమతి లేక ఫోటోలు తీయుట, పిల్లలకు చిల్లర విసరుట తగదు.

వలిసెపూలు విరియు నవంబరు, డిసెంబరు మాసములలో లోయ పసుపుపచ్చగా నుండును. రోడ్డు వెంట ఆగువారందరును ఆ చేలలోనికి దిగి పటములు తీయించుకొందురు. వలిసె నూనెగింజ, ఏడాది పంట. పది కుటుంబములు దిగినచో చేను తొక్కుడుపడి పోవును. కొందరు రైతులు దిగుటకు పది రూపాయలు, ఇరువది రూపాయలు అడుగుచున్నారు. వారిని తప్పుపట్టువారి మాటలు మేము విన్నాము. తమ వరిచేలో ఎవరైన దిగి గంతులు వేసినచో వారేమందురో ఊహింపవచ్చును. శీతకాలమున రాత్రులు చలి మిక్కుటము, కంబళి అవసరము. వానకాలమున కొండచరియలు విరిగి బండ్లు నిలిచిపోవుట కలదు గనుక బయలుదేరుటకు ముందు విచారించుకొనవలెను. వాడిన సీసాలు, సంచులు తిరిగి మీతోనే తీసికొనిపొండు. చెత్త ఎత్తుటకు అచ్చట చాలినంత మంది లేరు.

మేము సంతరోజు సాయంకాలపు బండికి తిరిగివచ్చితిమి. పెట్టెలో అద్దాల నుండి చలిగాలి. కరకవలసలో బండి ఒక్క నిమిషము నిలిచినది. ఖాళీ కావళ్ళతో, ఉప్పు మూటలతో నలువదిమంది దిగి, పట్టాలు దాటి, ఒకరి వెనుక ఒకరుగా కొండదారి పట్టిరి. చివరి మనిషి చేతిలోని బ్యాటరీ దీపము చెట్ల సందున కొంతసేపు కనిపించి, బండి సొరంగమున ప్రవేశించినప్పుడు మరుగైనది.